కుర్చీకి దండ, కూర్చుంటే దండన

మా వీధి మలుపులోని ఇరానీ హోటల్ ఆరు నెలల పాటు మూతపడి, గత నెలలో మళ్లీ తెరుచుకుంది. కొత్త యాజమాన్యం వారు పాత పేరును అలాగే ఉంచి, దాని చివర "హెరిటేజ్" అనే తోకను తగిలించి, ఆ తోక బరువుకు తగినట్టు 20 రూపాయల చాయ్‌ను 60 రూపాయలు చేశారు. ఇంతవరకు మాకు అభ్యంతరం లేదు. వారసత్వం ఊరికే దక్కదన్న సంగతి ఆస్తి తగాదాతో కోర్టు మెట్లెక్కిన ప్రతి కుటుంబానికీ తెలిసినదే. మా అభ్యంతరమంతా కుర్చీల గురించే. లోపల కుర్చీలు లేవు.

లేవంటే బొత్తిగా లేవని కాదు, ఒకటి ఉంది. తక్కినవాటిని తీసేసి, వాటి చోట మనిషి ఛాతీ ఎత్తున గుండ్రటి బల్లలు నిలబెట్టి, మిగిల్చిన ఆ ఒక్క కుర్చీని గోడ పక్కన చెక్క గద్దె మీద ప్రతిష్ఠించారు. పైన పసుపు దీపం, చుట్టూ ఎర్రటి పట్టుతాడు, వెన్నుకు బంతిపూల దండ, పక్కన ఇత్తడి పలక. పలక మీద "దయచేసి కూర్చోవద్దు" అని చెక్కించారు. పోయినవాళ్ల ఫొటోకు దండ వేయడం మనకు అలవాటే కానీ, నాలుగు కాళ్ల మీదా దిట్టంగా నిలబడి ఉన్న కుర్చీకి వేయడం మేము మొదటిసారి చూశాము.

పైగా దండకు నోచుకున్నది ఏ సింహాసనమో అయితే సరిపెట్టుకునేవాళ్లం. ఆవిరి పట్టి వంచిన బీచ్ కర్రతో ఈ తరహా కుర్చీని 1859లో వియన్నాకు చెందిన థోనెట్ సంస్థ తయారు చేసింది. ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే దాని సరంజామా. విప్పి సర్దితే ఒక్క ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. కాఫీ దుకాణాల్లో మామూలు జనం కూర్చోవడానికి చవగ్గా దొరకాలన్నదే దాని పుట్టుకలోని ఉద్దేశం. ఆ పోలికతో చేసిన కుర్చీలే తరువాత మన ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టూ చేరాయి. ఘనమీటరులో 36 కుర్చీలను ఇమిడ్చిన ఆ వడ్రంగుల తెలివిని ఏమనాలో గానీ, మా హెరిటేజ్ వారికి మాత్రం ఇంత పెద్ద హాలులో రెండో కుర్చీకి చోటు దొరకలేదు.

ఇరాన్‌లోని యజ్ద్ వంటి ఊళ్ల నుంచి బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాదు చేరి ఈ హోటళ్లు పెట్టినవారికి వ్యాపారం తెలియదనుకోవడం పొరపాటు. డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచడం, పాలను వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరిగించడం, రెండింటినీ కప్పులోనే కలపడం వాళ్ల పద్ధతి. పొయ్యి దగ్గర అంత ఓపిక పట్టినవాడు బల్ల దగ్గర గిరాకీని తొందరపెట్టడు. ఒక వన్ బై టూ, రెండు ఉస్మానియా బిస్కట్లు తీసుకుని ఇద్దరు మనుషులు గంటన్నర కూర్చున్నా, గల్లా దగ్గరి సేఠ్ తల ఎత్తి చూసేవాడు కాదు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు చాయ్ మీద చాయ్ తాగుతూ పొద్దుపుచ్చిన నగరమిది. వాళ్లను ఛాతీ ఎత్తు బల్ల దగ్గర నిలబెట్టి ఉంటే ఉర్దూ సాహిత్యం రెండు పాదాలు దాటి ఉండేది కాదు. పూటంతా మరిగిన చాయ్‌ను మూడు నిమిషాల్లో, అదీ ఒంటికాలి మీద బరువు మార్చుకుంటూ తాగి వెళ్లమనడం ఏ వారసత్వం కిందికి వస్తుందో ఆ ఇత్తడి పలక మీద రాసి లేదు.

మొన్న శనివారం సాయంత్రం జరిగిన ఘట్టాన్ని మాత్రం చరిత్రకు ఎక్కించక తప్పదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, ముప్పై ఏళ్లుగా అదే హోటల్‌కు వస్తున్న మనిషి, పేపరు చంకన పెట్టుకుని లోపలికి వచ్చారు. చుట్టూ చూశారు. ఒకే కుర్చీ కనిపించింది. పట్టుతాడును పంచె అంచు ఎత్తినంత మర్యాదగా ఎత్తి, దండను తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, పేపరు విప్పారు. చెవిలో తీగ పెట్టుకున్న సూపర్‌వైజర్ కుర్రవాడు పరుగున వచ్చాడు.

"సార్, అది డిస్‌ప్లే పీస్ సార్, కూర్చోవద్దు."

"కుర్చీయే గద బాబూ?"

"కుర్చీయే సార్, కానీ హెరిటేజ్ కుర్చీ."

"నేను గూడ గంతే," అన్నారు పెద్దాయన, పేజీ తిప్పుతూ.

కుర్రవాడు ఆ మాటకు ఏమనాలో తెలియక తీగలో ఎవరితోనో సంప్రదించాడు. ఈలోగా ఫొటో కోసం వరుసలో ఉన్న ఒక జంట, "అంకుల్, చాయ్ సాసర్లో పోసుకుని తాగుతారా, వీడియో తీసుకుంటాం" అని అడిగింది. ఆయనకు చాయ్ ఎలాగూ కావలసిందే కనుక సరేనన్నారు. హోటల్లో సాసర్లు లేవు, అన్నీ కాగితం కప్పులే. వంటింట్లో వెతికి, పొయ్యి గట్టు కింద మసి పట్టి ఉన్న ఒక సాసరును పట్టుకొచ్చి, కడిగి ఇచ్చారు. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే పది ఫోన్లు లేచాయి. జనం పెరిగారు. జనాన్ని చూసి పైనుంచి మేనేజరే దిగి వచ్చాడు. వచ్చి, తాడు మళ్లీ కట్టించాడు, ఈసారి పెద్దాయన లోపల ఉండేలా. ఆ తర్వాత, శని ఆదివారాల్లో సాయంత్రం 5 నుంచి 7 దాకా ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే సంస్థకు అభ్యంతరం లేదని, కాకపోతే ప్యాంటు షర్టు కాకుండా పాతకాలపు షేర్వానీ వేసుకు రావాలని సెలవిచ్చాడు.

"మరి చాయ్ పైసలు?" అని అడిగారు ఆయన.

"మీకు పది శాతం తగ్గిస్తాం సార్."

పెద్దాయన లేచి, దండను మళ్లీ కుర్చీకే వేసి, 60 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయారు.

చూసినవాళ్లంతా నవ్వారు, మేమూ నవ్వాము, అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాము. ఎవరి కుర్చీలు అవి? మోండా మార్కెట్లో తెల్లారగట్ల నుంచి బస్తాలు మోసిన హమాలీ నడుము వాల్చుకున్న కుర్చీలు. జేబులో యాభై రూపాయలతో ఇంటర్వ్యూకు రెండు గంటల ముందే నగరంలో దిగిన ఊరి కుర్రవాడు భయం తగ్గేదాకా కూర్చున్న కుర్చీలు. ఒక చాయ్ ధరకు, కులం అడగకుండా, పని అడగకుండా, మంత్రి బంధువుకూ మేస్త్రీకీ ఒకే బల్ల దగ్గర వేసిన కుర్చీలు. వాటిని పాత సామానువాడికి తూకానికి అమ్మేసి, ఒక్కదానికి దండ వేసి, దాన్ని సంస్కృతి అంటారా? పేదవాడు చవగ్గా కూర్చునే చోటు ఈ నగరంలో ఇంకా ఎన్ని మిగిలాయని ఇది కూడా లాక్కున్నారు? బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి కాళ్లు వాచిన ఆడవాళ్లు పోరాడితే, కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించి, పనివాళ్లకు కూర్చునే వీలు కల్పించి తీరాలని యజమానులను ఆదేశించాయి. కూర్చోవడానికి కూడా చట్టం కావలసి వచ్చిన దేశంలో, కూర్చోబెట్టడమే వ్యాపారంగా బతికిన హోటల్‌ను ఇలా చేయడానికి చేతులెలా వచ్చాయి?

పాతది నిలపాలంటే ఇలాగే చేయాలి కదా అనే మేధావులు మాకు ఎదురవుతూనే ఉన్నారు. అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో లూయీస్ లంచ్ అని ఒక బుల్లి బర్గర్ కొట్టు 1895 నుంచి ఉంది. ఈనాటికీ బన్ను పెట్టరు, కాల్చిన బ్రెడ్డు ముక్కల మధ్యనే బర్గర్ ఇస్తారు, కెచప్ అడిగితే లేదు పొమ్మంటారు. 1975లో ఆ స్థలంలో పెద్ద భవనం రాబోతే, కొట్టును కూల్చనివ్వకుండా బండికెక్కించి వేరే వీధికి తరలించారు. జనం ఇప్పటికీ అక్కడ, పేర్లు చెక్కిన పాత బల్లల దగ్గర, కూర్చునే తింటున్నారు. వాళ్లు ఇటుకల కొట్టునే మోసుకెళ్లారు. మనవాళ్లకు చేతితో ఎత్తగలిగే కుర్చీలు బరువయ్యాయి.

నిన్న రాత్రి తొమ్మిదింటికి అటుగా వెళ్తుంటే, రోడ్డుకు ఇవతల మూసి ఉన్న మందుల షాపు మెట్టు మీద పెద్దాయన కూర్చుని ఉన్నారు, చేతిలో బండి మీద కొన్న పది రూపాయల చాయ్. ఎదుట హోటల్ అద్దాల్లోంచి కుర్చీ మీది పసుపు దీపం కనిపిస్తోంది. కాసేపటికి సూపర్‌వైజర్ కుర్రవాడు చెవిలో తీగ తీసి జేబులో వేసుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. పన్నెండు గంటల డ్యూటీలో లోపల వాళ్లకూ కూర్చోవడం నిషేధమేనట. బూట్లు విప్పి, మెట్టు దగ్గర నిలబడి, "కొంచెం జరుగు తాతా" అన్నాడు.