సీటీ స్కానర్ గారికి, ఒక ఇక్తియోసార్ పుర్రె తరఫున

మహారాజశ్రీ సీటీ స్కానర్ గారి సముఖానికి,

మా ఇక్తియోసార్, అంటే డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపం, దాని శిలాజ పుర్రెను స్కాన్ చేసి తమరు దయచేసి పంపిన ఫైళ్లు ఇందాకే తెరిచాను. మూతి అద్భుతంగా వచ్చింది. పళ్ల మొదళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మెదడు గూడు ఉండాల్సిన చోట మాత్రం ఒక తెల్లటి నక్షత్రం, దాని నుంచి నలుదిక్కులా చారలు. మూతి చూడ్డానికి తమరి దాకా రావాలా? అది బయటికే కనిపిస్తోందిగా!

పేషెంట్లందరూ అయ్యాక మా వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. పర్వాలేదు, వాళ్లు బతికున్నవాళ్లు. ఫారంలో వయసు సుమారు 19 కోట్ల ఏళ్లని రాస్తే తమరి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. అదీ పర్వాలేదు. కానీ ఒంట్లో లోహం ఉందా అని అడిగారు చూశారూ, అక్కడ ఉందనే రాశాం. ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్, పుర్రె వెనక భాగమంతా నిండిపోయి ఉందని విడమరిచి మరీ రాశాం. చదివారా? చదివే అలవాటు లేనప్పుడు అడగడం దేనికి?

తమరి ఇబ్బంది తెలియక కాదు. బలహీనమైన ఎక్స్-కిరణాలను పైరైట్ మింగేస్తుంది, బలమైనవే బయటపడతాయి, దాంతో తమరి లెక్క తప్పి ఆ నక్షత్రం పుడుతుంది. మరి ఆ తప్పు లెక్క మూతి దగ్గర చెయ్యొచ్చుగా? సరిగ్గా లోపలి చెవి దగ్గరే చెయ్యాలా? ఆ మూడు వంకర నాళాల కోసమేనండీ మేమొచ్చింది. నీళ్లలో ఆ జీవి తల ఎలా తిప్పేదో, తూకం ఎలా నిలుపుకునేదో అడుగుదామంటే, ఆనవాలు మిగిలింది అక్కడే.

1916 నాటికే సోలాస్ అనే పెద్దాయన ఇక్తియోసార్ పుర్రె ఒకదాన్ని పొరపొరగా అరగదీసి, ఒక్కో పొరనూ నమోదు చేసుకుంటూ పోయాడు. పని పూర్తయ్యేసరికి పుర్రె లేదు. తమరొచ్చాక ఆ పాపం తప్పిందని అందరం సంబరపడ్డాం. ఆయన పుర్రెను పోగొట్టుకున్నాడు, లోపలేముందో చూశాడు. మాకు పుర్రె మిగిలింది, అంతే.

చేతకాదా అంటే, అదీ కాదు. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో దొరికిన రెండు మీటర్ల ప్లయోసార్ (ఇదీ సముద్ర సరీసృపమే) పుర్రెలో, మూతి లోపలి నరాల దారులు మీ సీటీ వంశంవాళ్లే చూపించారు. అదే దేశంలోని వార్విక్‌షైర్‌లో 1955లో దొరికిన ఇక్తియోసార్‌కైతే మెదడు గూడు ఎముకలతో పాటు, వెనకటివాళ్లు పుర్రెను కూర్చడంలో చేసిన పొరపాట్లు కూడా బయటపెట్టావు. వాళ్లేమైనా నీకు చుట్టాలా? మాకు మాత్రం ఎముకా బూడిద రంగే, రాయీ బూడిద రంగే! స్లైసు తర్వాత స్లైసు, మౌస్‌తో హద్దులు గీసుకుంటూ కూర్చోవాలి. గీసి గీసి చెవి దాకా వస్తే నీ నక్షత్రం! సిగ్గుందా నీకు?

లోహపు దిమ్మల్లో పగుళ్లు వెతికే నీ పెద్దన్న ఒకాయన ఉన్నాడట, ఫ్యాక్టరీల్లో. ఆయన కిరణాలకు ఈ పైరైట్ ఓ లెక్క కాదంటున్నారు. ఆయన దగ్గరికే పోదును. కానీ ఆయన గది చిన్నది, మా పుర్రె పొడవు. మనుషులను బారుగా పడుకోబెట్టే బల్ల నీ దగ్గరే ఉంది.

అందుకని, రాత్రిపూట స్లాట్ ఖాళీ అయితే కాస్త ముందు మాకే కబురు పెట్టించగలరు. ఈసారి ఓల్టేజీ పెంచమని టెక్నీషియన్ గారికి మేమే చెప్పుకుంటాం. ఫారంలో పైరైట్ సంగతి మళ్లీ రాస్తాం, పెద్దక్షరాల్లో.

ఇట్లు,
మౌస్ తిప్పీ తిప్పీ మణికట్టు వాచిన
తమరి విధేయుడు