ముందు గాలిని కొలుద్దాం, రెక్కల సంగతి తర్వాత

ఊళ్లోనే కరెంటు తయారుచేసుకునే చిన్న గాలిమర అనగానే మనవాళ్లు రెక్కల గురించే మాట్లాడతారు. మూడా, అయిదా, మెలి తిప్పాలా, తిన్నగా ఉంచాలా అని. అసలు ఆ మేడ మీద గాలి ఎంత వీస్తోందో మాత్రం ఎవరూ అడగరు. మేడల మీద పెట్టే నిలువు ఇరుసు గాలిమరలు, అంటే నిలువు కడ్డీ చుట్టూ బొంగరంలా తిరిగేవి, మన దగ్గర ఓడిపోతున్నది ఇక్కడే.

ఒక లెక్క చూడండి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 200 లీటర్ల డ్రమ్మును నిలువునా చీల్చి, రెండు సగాలను దోసిళ్లలా ఎదురుబొదురుగా బిగించే సవోనియస్ రకం మర కట్టామనుకోండి. సెకనుకు 4 మీటర్ల గాలిలో దాని ముందుకొచ్చే గాలిశక్తి సుమారు 34 వాట్లు. చేతికొచ్చేది అయిదారు వాట్లు, ఒక చిన్న బల్బుకు సరి. అదే మర 8 మీటర్ల గాలిలో 40 వాట్ల పైనే ఇస్తుంది. రెక్క వంపు ఎంత మార్చినా ఇంత తేడా రాదు. మరను చెట్లకు, గోడలకు పైన, సుడి లేని గాలిలో నిలబెడితే వస్తుంది.

సోలార్ చవక కదా అంటారు. నిజమే, వాట్ ధరలో పలకే గెలుస్తుంది. కానీ అనంతపురం గుట్టల మీద ఆషాఢం గాలి మబ్బు పట్టిన రోజూ వీస్తుంది, రాత్రీ వీస్తుంది. అక్కడ రెండూ ఉండాలి.

మరను బాగుచేసుకోవడం ఇంకా పెద్ద సంగతి. కెనడాలోని క్యూబెక్‌లో 110 మీటర్ల పొడవున నిలబెట్టిన ఎయోల్ అనే మర 1993లో ఆగిపోయింది. అది డారియస్ రకం, అంటే విల్లులా వంగిన సన్నని రెక్కలున్న నిలువు ఇరుసు మర. దెబ్బతిన్నది రెక్కలు కావు, అడుగున ఉన్న బేరింగ్. అందుకే చిన్న మరలో బేరింగ్ మండల కేంద్రంలో దొరికేదై ఉండాలి, ఊళ్లో వెల్డింగ్ చేసే మనిషి విప్పి బిగించగలగాలి. సామర్థ్యం కొంత తగ్గినా, తనంతట తాను తిరగడం మొదలెట్టే సవోనియస్ వైపే నా మొగ్గు. డారియస్ తిరగడం మొదలెట్టాలంటే చాలాసార్లు బయటి నుంచి ఒక తోపు తొయ్యాలి.

ఇదంతా మన ఇంజినీరింగ్ కాలేజీల్లో నేర్పాల్సిన పని. అక్కడేమో ఫైనలియర్ ప్రాజెక్టు మర ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, ఎల్ఈడీ వెలగగానే మార్కులు వేసేస్తున్నారు. ఫ్యాను లాగిన కరెంటెంతో కూడా అడగరు! కొలవని చదువు ఇంజినీర్లను తయారుచేయదు. ప్రతి పాలిటెక్నిక్ మేడ మీద ఒక స్తంభానికి గాలి వేగం కొలిచే అనిమోమీటర్ బిగించి, ఏడాది పాటు పిల్లల చేత గంటగంటకూ రాయించాలి. ఆ పుస్తకం చూపించిన జట్టుకే ఇనుము కొనడానికి డబ్బివ్వాలి.