టోటల్ కరెక్టే సార్!

ఎక్సెల్ షీటును ముస్తాబు చేయాలన్న ముచ్చట ఎవరికి పుట్టినా ఎగ్జామ్ సెక్షన్‌కు శని పట్టినట్టే.

కడపలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ, బి సెక్షన్, 60 మంది. సీరియల్ నంబరు, హాల్‌టికెట్ నంబరు, పేరు, ఆపైన మిడ్ మార్కులు. పేర్లకూ మార్కులకూ మధ్య కాస్త ఎడముంటే ప్రింటు కళగా వస్తుందని ఎవరో ఓ ఖాళీ కాలమ్ దూర్చారు. ఎక్సెల్ లెక్కలో పట్టిక అక్కడితో అయిపోయింది, అవతలిది పొరుగూరు. సంతకాల షీటు ఏబీసీడీ వరసలో కావాలని ఒక పేరు మీద క్లిక్ చేసి సార్ట్ కొడితే ఎడమవైపు మూడు కాలాలే కదిలాయి. మార్కులు కూర్చున్నచోటే కూర్చున్నాయి. ఒక్క కాలమ్‌ను సెలెక్ట్ చేసి సార్ట్ చేస్తే ‘పక్కవి కూడా కలపాలా’ అని అడిగే ఎక్సెల్, మధ్యలో ఖాళీ ఉంటే నోరెత్తదు.

ఇక చెకింగు. టోటల్ సరిపోయింది. యావరేజీ సరిపోయింది. ఆబ్సెంటు ఒక్కరే, అదీ సరిపోయింది. సరిపోక ఏం చేస్తాయి? అంకెలన్నీ అవే, మనుషులే మారారు. హెచ్‌ఓడీ సంతకమైంది, పోర్టల్‌లో ఎక్కించారు, ఇక మార్చే వీల్లేకుండా ఫ్రీజ్ కూడా అయింది.

మిడ్ రోజున ఒంటిమిట్ట కల్యాణం చూడ్డానికి పోయినవాడికి 30కి 29. వాడేం కంప్లయింటు ఇవ్వడు కదా! రాయచోటి నుంచి తొలి బస్సుకు దిగింది టాపర్ తండ్రి.

“మా పాప జరంతోనే వొచ్చి రాసింది సార్. ఆబ్సెంటని ఏసినారేంది?”

సీరియల్ నంబరు మీద మళ్లీ సార్ట్ చేస్తే అన్నీ దారికొచ్చేవి. కానీ సార్ట్ తర్వాత సీరియల్ చిందరవందరగా కనబడిందని, 1, 2 వేసి కిందిదాకా లాగి కొత్త నంబర్లు నింపేశారు. ఫైలు సేవ్ చేసి మూసేశాక వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ కూడా లేదు. హాల్‌టికెట్ నంబరుతో సార్ట్ చేద్దామంటే, రీ-అడ్మిషన్ పిల్లలు ఇద్దరివి పాత బ్యాచ్ నంబర్లు. అసలు లిస్టులో అడుగున ఉన్నవాళ్లు పైకెక్కి కూర్చున్నారు, మిగతా అందరి మార్కులూ రెండేసి వరుసలు తప్పాయి.

చివరికి లెక్చరర్ చేత్తో మార్కులు రాసిన అవార్డు లిస్టే దిక్కైంది. దాన్ని టైపు చేసి, హాల్‌టికెట్ నంబరుతో వెతికి మార్కులు తెచ్చిపెట్టే ఎక్సెల్ ఫార్ములా వీలుకప్ పెట్టారు. కొన్ని వరుసల్లో ఎన్/ఏ, అంటే దొరకలేదని. అనంతపురం జేఎన్‌టీయూ నంబర్లలో 99 తర్వాత వచ్చేది ఏ0. ఆ సున్నా చోట ఎవరో ‘ఓ’ అక్షరం కొట్టారు. కంటికి రెండూ ఒకటే, వీలుకప్‌కు కాదు.

సవరణ అర్జీ, ప్రిన్సిపాల్ లెటరు, మిడ్ జవాబు పత్రాలు అన్నీ కట్టగట్టి యూనివర్సిటీకి పంపారు. సరిదిద్దిన మార్కులు బోర్డులో పెట్టిన పొద్దున కౌంటర్ దగ్గరికి మొదట వచ్చింది ఒంటిమిట్ట భక్తుడే.

“29 ఇచ్చి ఆబ్సెంటు చేసినారు సార్. రీకౌంటింగ్‌కు ఫీజెంత?”