లంకలో పుస్తకాల పెట్టె, ఈ-రీడర్‌లో ఇమడని తెలుగు

2022 జులైలో గోదావరి వరద కోనసీమ లంకల్లోకి వచ్చినప్పుడు మా ఇంట్లో ముందు ధాన్యం బస్తాలు అటకెక్కించాం. తర్వాత పొలం కాగితాలు. ఆ తర్వాత నాన్న పుస్తకాల ట్రంకుపెట్టె. అది సగం ఖాళీ చేసేసరికే నీళ్లు గడప దాటాయి. వరద తగ్గాక మిగిలిన పుస్తకాల్ని వసారాలో ఆరబెట్టాం. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే అక్షరాలతో సహా చిరిగాయి. వరద రాని ఏడాదైనా ఇక్కడ తేమ ఉంటుంది, చెదలు ఉంటాయి. కాగితం వాసన నాకూ ఇష్టమే. కానీ శ్రావణంలో మా అలమారా తెరిస్తే వచ్చేది బూజు వాసన.

అందుకే ఈ-రీడర్ మా ఊళ్లకి బాగా పనికొచ్చే వస్తువని నమ్ముతాను. ఫోన్ తెరలా అది కంట్లోకి వెలుతురు కొట్టదు. తెర లోపల అతి చిన్న గుళికలుంటాయి. వాటిలోని నల్ల, తెల్ల రేణువులు విద్యుత్తుతో పైకీ కిందికీ కదిలి అక్షరాలవుతాయి. పేజీ మారేటప్పుడే కరెంటు ఖర్చు. లైటు వేసుకోకుండా చదివితే ఒక్క చార్జింగ్ వారాల తరబడి వస్తుంది. తుపానుకి స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మ కోసం ఒకటి కొన్నాను. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చని చెప్పాను. ఆవిడకిష్టమైన పాత నవల పీడీఎఫ్ వేసిచ్చాను. అక్షరం పెద్దది చేస్తే సగం వాక్యం తెర బయటికి పోయింది. ప్రతి లైనుకీ పేజీని అటూ ఇటూ జరపాలి. పది నిమిషాలు తంటాలు పడి, "ఇది పుస్తకం కాదురా, పుస్తకం ఫొటో" అంది అమ్మ.

ఆవిడ చెప్పింది నిజం. మన సమస్యంతా అక్కడే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లాంటి ప్రాజెక్టులు పాత తెలుగు పుస్తకాల్ని పెద్ద ఎత్తున స్కాన్ చేశాయి. ఆ మేలు మరువలేనిది. కానీ అవి బొమ్మలు. మరి కంప్యూటర్‌లోనే టైపు చేసిన పుస్తకాలో? ఏళ్ల తరబడి మన డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పనిచేశాయి. పైకి తెలుగులా కనిపించినా లోపల ఉన్నది తెలుగు సంకేతం కాదు. ఏ పరికరమైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్ సంకేతంలోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, ఎవరో ఒకరు కూర్చుని లైను లైనూ దిద్దాలి. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, ప్రచురణ రంగం మాత్రం చాలాకాలం అటువైపు రాలేదు. 2016 చివర్లో అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్‌కి పుస్తకాలమ్మే కిండిల్ స్టోర్‌లోకి ఐదు భారతీయ భాషల పుస్తకాలు వచ్చాయి: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. మన భాష లేదు. ఆ జాబితా చూసినప్పటి బాధ నాకింకా గుర్తుంది.

కాగితమా, తెరా అనే చర్చకి కొంత ఆధారం లేకపోలేదు. 54 అధ్యయనాల్ని, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల్ని కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. సమాచారం చదివి అర్థం చేసుకోవడంలో, ముఖ్యంగా టైము తక్కువగా ఉన్నప్పుడు, కాగితానిదే పైచేయి. కథల విషయంలో తేడా కనిపించలేదు. 2019లో 50 మందితో చేసిన మరో పరిశోధనలో, కిండిల్‌లో కథ చదివినవాళ్లు ఏ సంఘటన ముందో ఏది వెనకో చెప్పడంలో వెనకబడ్డారు, మిగతావాటిలో దాదాపు సమానం. కాబట్టి కాకినాడలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు టెన్షన్ పడకుండా కాగితమే పట్టుకోవాలి. నవలకి ఆ దిగులక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను కాగితం వైపే. మా ఇంట్లో పుస్తకం పక్కింటి పిన్నిగారింటికి వెళ్లి, అక్కణ్నించి ఇంకో ఇంటికి వెళ్తుంది. ఈ-పుస్తకం అలా చేతులు మారదు. 2009లో అమెజాన్, కొందరు డబ్బు పెట్టి కొన్న పుస్తకాల్ని వాళ్ల కిండిల్‌లోంచే తీసేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. అయినా కొన్నదానిమీద హక్కు ఎవరిదో అప్పుడే తేలిపోయింది.

అందుకే తెలుగు పుస్తకాల్ని ఈ-రీడర్‌లో ఇమిడేలా మార్చే పని కంపెనీలకి కాకుండా గ్రంథాలయాలకి అప్పజెప్పాలంటాను. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది, అరుదైన పుస్తకాలున్నాయి. రచయిత పోయాక అరవై ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. ఆ ఊరి వీరేశలింగం 1919లో, చిలకమర్తి 1946లో పోయారు. వాళ్ల రచనలు ఎవరైనా యూనికోడ్‌లో టైపు చేసి పంచవచ్చు. పాత పుస్తకాల్ని ఉచితంగా అందించే వెబ్‌సైటు తెలుగు వికీసోర్స్‌లో కొందరు జీతం లేకుండా ఆ పని చేస్తూనే ఉన్నారు. గ్రంథాలయ సంస్థలు నలుగురు టైపిస్టుల్నీ ఇద్దరు ప్రూఫ్‌రీడర్లనీ పెట్టినా పని ఎంత ముందుకెళ్తుందో! శాఖా గ్రంథాలయానికి ఐదేసి ఈ-రీడర్లిస్తే, అమ్మ లాంటివాళ్లు పుస్తకం తెచ్చుకున్నట్టే వారానికోసారి తెచ్చుకుంటారు.

వికీసోర్స్ నుంచి దించిన పుస్తకం ఒకటి మొన్న ఆవిడ రీడర్‌లో వేశాను. అక్షరం పెద్దది చేస్తే ఈసారి వాక్యం తెర దాటలేదు, కింది లైనులోకి దిగింది. అమ్మ ఆ రాత్రి పదకొండింటిదాకా చదివింది.