తలనొప్పే కదా అంటారు

మా అక్కకు మైగ్రేన్. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చే ప్రతి మనిషీ దానికి వైద్యుడే. శొంఠి అరగదీసి పట్టు వేయమని ఒకరు, ఫోను చూడటం తగ్గించమని ఇంకొకరు. పెళ్లయితే అదే పోతుందని పై అంతస్తు పిన్నిగారు. అదేమి వైద్యమో! ఇది నాడీ వ్యాధి అని, మందు పనిచేయకపోతే 72 గంటల దాకా సాగవచ్చని చెబితే, నేనేదో అతి చేస్తున్నట్టు చూస్తారు.

అరుదైన రోగమా అంటే కాదు. బెంగళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చేసి 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాది వ్యవధిలో దాదాపు 25 శాతం మంది పెద్దవాళ్లకు మైగ్రేన్ ఉన్నట్టు తేలింది. అయినా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో దీనికి చోటు లేదు. ఇక ఆఫీసులో సెలవు ఎవరిస్తారు?

వెలుతురు చూడలేక, మాట పెగలక పడి ఉన్న మనిషి తన బాధను తానే వాదించుకోవాలట. పక్కవాళ్లు మాట్లాడితే "ఆమెనే చెప్పమనండి" అంటారు. ఆసుపత్రిలోనూ అంతే. ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు, ఏ మాత్ర అని నేను రాసిన పట్టికను చూడకుండానే మళ్లీ అదే నొప్పి మాత్ర రాశారు డాక్టరుగారు. నెలకు 15 రోజులు, అలా మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి కదండీ అన్నాను. "మీరెవరు?" అన్నారు. తమ్ముణ్ణి అన్నాను. నొప్పి అసలు రాకుండా ముందుగా వాడే మందుల సంగతి తేలేదాకా కుర్చీలోంచి లేవలేదు.