సవరణ: స్వీడిష్ 'వారాక్తిగ్' అంటే 'శాశ్వతం' కాదు

స్వీడిష్ పత్రాల్లో కనిపించే 'వారాక్తిగ్' అనే మాటకు మా ముందటి పోస్టులో 'శాశ్వతమైన' అని అర్థం రాశాం. అది తప్పు. 'చాలాకాలం నిలిచే' అన్నదే సరైన అర్థం. ముగింపు ఉండదన్న హామీ ఆ మాటలో లేదు.

దీనికి గట్టి రుజువు 2003 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం. అయిదేళ్లు చట్టబద్ధంగా వరుసగా నివసించిన బయటి దేశాలవారికి అది ఇచ్చే హోదా పేరు 'వారాక్తిట్ బూసత్', అంటే 'దీర్ఘకాలంగా నివాసమున్న వ్యక్తి'. ఆ హోదా 'పర్మనెంట్' అని 8వ అధికరణం విడిగా చెబుతుంది. రెండు మాటలకూ అర్థం ఒకటే అయితే ఆ వాక్యమే అక్కర్లేదు. పైగా 9వ అధికరణం ప్రకారం యూనియన్ బయట వరుసగా 12 నెలలుంటే ఆ హోదా పోవచ్చు. స్వీడన్‌లో ఉన్న తెలుగువాళ్లు దీన్ని 'పర్మనెంట్ ఉప్పెహోల్స్‌తిల్‌స్తోండ్' అనే శాశ్వత నివాస అనుమతితో కలిపేయకండి. ఆ రెండూ వేర్వేరు.

నామవాచకం 'వారాక్తిగ్‌హేత్' దగ్గర మరో చిక్కుంది. దాన్ని ఉత్త 'వ్యవధి' అనే అర్థంలో కూడా వాడతారు. రెండు నిమిషాల ఫోన్ కాల్‌కీ వారాక్తిగ్‌హేత్ ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ వారాక్తిగ్ అనరు.

క్రియ 'వారా'కు 'ఉండు', 'కొనసాగు' అని రెండర్థాలు. భూతకాలంలో మొదటిది 'వార్', రెండోది 'వారాదె'. సమావేశం రెండు గంటలు సాగిందనాలంటే 'మోతెత్ వారాదె ఈ త్వో తిమ్మార్' అనాలి. ముందటి పోస్టులో మేం 'వార్' అని రాసిన ఉదాహరణను కొట్టేయండి.