గౌరవ సలహాదారుగారికి ఒక కుర్చీ

‘‘ఆడటం వేరు, అడ్మినిస్ట్రేషన్ వేరు.’’

ఈ మహావాక్యం పలికినాయన జన్మలో హాకీ కర్ర పట్టుకున్నది ఒక్కసారి, అదీ ఫొటో కోసం. అప్పుడూ తలకిందులుగానే పట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ ఫొటోనే ఆయన వాట్సాప్ డీపీ. జిల్లా హాకీని ఆయన చేతుల్లో పెట్టి మనమంతా గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నాం.

సందర్భం ఆగస్టు 29. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. కావలికీ ఒంగోలుకీ మధ్య ఒక ఊళ్లో సభ. ఊరి పేరు రాయను. రాస్తే నా బండి టైర్లలో గాలి తీసే క్రీడాభిమానులు అక్కడ చాలామందే ఉన్నారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. అధ్యక్షులవారు, కార్యదర్శిగారు, కోశాధికారిగారు, దాతగారు, దాతగారి అబ్బాయిగారు నిలువెత్తున నవ్వుతున్నారు. కింద మూలన, ఫ్లెక్సీ కొట్టువాడి ఫోన్ నంబరు పక్కన, రెవెన్యూ స్టాంపంత ధ్యాన్‌చంద్. పాపం అదీ ఎక్కువసేపు దక్కలేదు. మైకు వైరు కోసం ఫ్లెక్సీకి పెట్టిన కంత సరిగ్గా ఆయన ముఖం మీదే పడింది.

అట్లాంటి శుభవేళ ఒక పీఈటీ మాస్టారు లేచి నోరు జారాడు. ‘‘మన జిల్లా జట్టు కాడి నించి రైల్వే దాకా ఆడొచ్చిన సెంటర్ హాఫ్ సారు రిటైరై ఈణ్నే ఉండాడు గదన్నా, ఆయన్ని మేనేజ్‌మెంట్‌లోకి తీసుకుంటే బాగుంటదేమో’’ అన్నాడు. అప్పటిదాకా కీచుమంటున్న మైకు కూడా నోరు మూసుకుంది. అప్పుడు వెలువడింది ఆ మహావాక్యం. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది దాతగారి అబ్బాయి.

సరే, ఒప్పుకుందాం. ఆటగాడికి ఏం తెలుసు? బంతి ఎటు వస్తుందో తెలుసు, గోల్ ముందుండే డీ గీత లోపల ఎవడు ఖాళీగా ఉన్నాడో తెలుసు, పెనాల్టీ కార్నర్ పడితే మొదట దూకాల్సింది ఎవడో తెలుసు. ఇవన్నీ గంటలో తేలిపోయే చిల్లర పనులు. అడ్మినిస్ట్రేషన్ అట్లా కాదు. శాలువాలకు మూడు కొటేషన్లు పిలవాలి. మూడూ ఒకే బట్టల కొట్టు నుంచి మూడు రకాల చేతిరాతల్లో రావాలి. టోర్నీ ఏ ఊళ్లో జరుగుతోందో తెలియకపోయినా టీఏ బిల్లు ఎంతో నోటికి వచ్చుండాలి. సర్వసభ్య సమావేశం నోటీసు సభ్యులకు చేరేటప్పటికి సమావేశం అయిపోయుండాలి. బంతిని ఆపగలిగిన ప్రతివాడికీ ఈ విద్య అబ్బుతుందా?

అయినా మావాళ్లు దయామయులు. సెంటర్ హాఫ్ పెద్దాయన నొచ్చుకోకూడదని అక్కడికక్కడే ఒక పదవి పుట్టించారు. గౌరవ సలహాదారు. పదవి పుట్టింది గానీ కుర్చీ పుట్టలేదు. సోఫాలన్నీ దాతలతో నిండిపోయాయి. టీకొట్టు నుంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించారు. ఒక కాలు కాస్త పొట్టి. దాన్ని కూలర్ ముందు వేస్తే అధ్యక్షులవారికి గాలి తగలడం లేదని పక్కకు జరిపారు. అక్కడ వేస్తే వీడియోవాడికి దాతగారి అబ్బాయి కనిపించడం లేదని ఇంకాస్త జరిపారు. జరిపి జరిపి చివరికి గౌరవ సలహాదారుగారు వేదిక మీదే ఉన్నారు గానీ పరదా వెనక ఉన్నారు. శాలువా కప్పడానికి ఆయన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ శాలువా మీద కొట్టువాడి స్టిక్కర్ అలాగే ఉంది. 180 కొట్టేసి 140.

రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. అమాయకుడు, నిజంగానే హాకీ గురించి మొదలుపెట్టాడు. ‘‘మన పిల్లకాయలు బంతి అందినాక తలకాయ ఎత్తరు. ఎత్తితే గదా పాస్ యాడికియ్యాలో తెలిసేది...’’ అంటుండగానే కార్యదర్శిగారు వాచీ చూపించారు. అవతల దాతగారికి మెమెంటో ఇచ్చే ముహూర్తం దాటిపోతోంది.

వారం తిరక్కుండా సలహా అడిగే రోజు కూడా వచ్చింది. పద్దెనిమిది పేర్లున్న కాగితం ఆయన ముందు పెట్టారు.

‘‘ఎవుర్ని మార్చాలంటారు?’’ అన్నాడు పెద్దాయన.

‘‘మార్చేదేం లేదు సార్. పొద్దన్నే మెయిల్ కొట్టేశాం. అక్షరాల సైజు సరిపోయిందో లేదో చెప్పండి, చాలు.’’

‘‘ఇందులో గోల్‌కీపర్ లేడే?’’

‘‘కీపర్ కిట్టు రేటెక్కువ సార్. అవసరమైతే దాతగారబ్బాయి నిలబడతానన్నాడు.’’

‘‘ఆ పిల్లోడు ఎప్పుడన్నా ఆడుండాడా?’’

‘‘ఆడటం వేరు సార్...’’

మా ప్రకాశం జిల్లాలో తిరునాళ్లకు బండలాగుడు పందేలు పెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు. గిత్త నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టడం రానివాణ్ని కమిటీలో వేసి చూడండి. ఎన్నడూ ముల్లుగర్ర పట్టనివాడు బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలుస్తానని వస్తే రైతులు టేపు లాక్కుని పంపిస్తారు. ఎద్దుల దగ్గరున్న ఈ పట్టింపు పిల్లల దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో! అండర్-14 జట్టులో మీసాలొచ్చిన కుర్రాడు జనన ధ్రువపత్రం ఊపుకుంటూ దర్జాగా లోపలికి నడుస్తుంటే, నోరు తెరువు నాయనా అనే నాథుడు లేడు.

ఇక పెద్ద హాకీ సంగతి. 1975, కౌలాలంపూర్, వరల్డ్ కప్ సెమీఫైనల్. మలేసియా ముందుంది, ఆట అయిపోవస్తోంది. బెంచీ మీదున్న అస్లమ్ షేర్ ఖాన్‌ను లోపలికి పంపారు. మెడలో తాయెత్తును ముద్దుపెట్టుకుని పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేశాడు. ఆ మ్యాచ్ గెలిచి, ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో కొట్టాం. మన మగవాళ్ల జట్టుకు ఉన్న వరల్డ్ కప్ అదొక్కటే. ఆ జట్టు మేనేజర్ బల్బీర్ సింగ్ సీనియర్. 1948, 1952, 1956లలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు ఆయనవి. 1952 ఫైనల్లో జట్టు కొట్టిన ఆరింటిలో ఐదు గోల్స్ ఆయనవే. మేనేజ్‌మెంట్ తన పని కాదని పాపం ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఆ కప్పు గెలిచిన మరుసటి ఏడాదే, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ పచ్చిక దిగి టర్ఫ్ అనే కృత్రిమ గడ్డి ఎక్కింది. మనం ఏడో స్థానానికి దిగాం. దేశంలో టర్ఫ్ వేయించాల్సింది ఫార్వర్డులా, ఫైళ్లు మోసేవాళ్లా అని నన్నడక్కండి.

1994 నుంచి 2008 దాకా భారత హాకీ సమాఖ్యకు అధ్యక్షుడు పోలీసు బాసు కె.పి.ఎస్. గిల్. 2008 మార్చిలో శాంటియాగోలో ఒలింపిక్స్ అర్హత పోటీలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడాం. 1928 తర్వాత మన హాకీ జట్టు లేకుండా ఒలింపిక్స్ జరగబోవడం అదే మొదటిసారి. మరుసటి నెలలోనే జట్టు ఎంపికకు డబ్బు తీసుకున్నారని సమాఖ్య కార్యదర్శి మీద టీవీ స్టింగ్‌లో ఆరోపణ వచ్చింది. సమాఖ్యను సస్పెండ్ చేసి తాత్కాలిక కమిటీ వేశారు. ఆ కమిటీ పెద్ద ఎవరనుకున్నారు? తాయెత్తు అస్లమ్ షేర్ ఖాన్. ఊడవాల్సిన చెత్త పోగయ్యాక ఆటగాడు గుర్తొచ్చాడు! అంత జరిగినా ‘పోలీసు పని వేరు, హాకీ వేరు’ అని ఏ సభలోనూ ఎవరూ అనలేదు. ఓడినవాడు ఆటగాడైతేనే అది ఆటగాళ్ల జాతి లక్షణం.

ఆటగాడు వస్తే అంతా బాగుపడుతుందని నేననడం లేదు. 412 అంతర్జాతీయ మ్యాచ్‌లాడిన దిలీప్ టిర్కీ 2022లో ఇప్పటి జాతీయ సంఘం హాకీ ఇండియాకు అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలో పారిస్‌లో మగవాళ్లకు కాంస్యం వచ్చింది, ఆడవాళ్ల జట్టు అసలు పారిస్‌కే పోలేదు. మంచు హాకీలో, మా వీధి పిల్లలు సగంమంది అమెరికాలోనే ఉన్నారు కాబట్టి ఆ కబుర్లూ చెవిన పడతాయి, కొలరాడో జట్టు పాత కెప్టెన్ జో సాకిక్ అదే జట్టు పగ్గాలు పట్టాక 2016-17లో 82 మ్యాచ్‌లాడి 48 పాయింట్లతో లీగ్‌లో అట్టడుగున మిగిలారు. అయినా సాకిక్‌ను వెళ్లగొట్టలేదు. 2022లో అదే మనిషి చేతిలో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఉంది. డెట్రాయిట్ వాళ్లు తమ పాత కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్‌ను 2019లో జనరల్ మేనేజర్‌గా తెచ్చుకున్నారు. 2025 దాకా ఒక్కసారీ ప్లేఆఫ్స్ గడప, అంటే కప్పు కోసం ఆడే చివరి దశ గడప, తొక్కలేదు. ఎవరి జాతకం వారిది. కానీ ఆ ఇద్దరికీ ఆటగాళ్లను తెచ్చే, పంపే అధికారం ఇచ్చారు. అక్షరాల సైజు చూడమనలేదు.

మనకూ 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. జాతీయ సంఘాల కార్యవర్గం పదిహేను మందికి మించకూడదు, అందులో కనీసం ఇద్దరు మేటి ఆటగాళ్లుండాలి. ఆటల సంఘంలో ఆటగాళ్లుండాలని పార్లమెంటు కూర్చుని చట్టం చేయాల్సి వచ్చింది చూశారా!

సభ అయిపోయాక, షామియానా విప్పుతుండగా, అదే గ్రౌండులో ఒక తొమ్మిదో తరగతి పిల్ల బంతి కొడుతోంది. చీలిన కర్రకు సైకిల్ ట్యూబు చుట్టుకుంది. టర్ఫ్ మీద జారే బంతి ఈ గులకరాళ్ల మీద ఎగురుతుంది. ఎగిరి తగిలిన పై పెదవి పగిలి వాచి ఉంది. రాష్ట్ర పోటీలకు పోయొచ్చిందట. చార్జీలు ఎవరిచ్చారమ్మా అంటే, ‘‘మా అమ్మ’’ అంది. వాళ్లమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టి సంపాదించిన కూలి అది. పిల్లలంతా జనరల్ బోగీలో, బాత్‌రూం తలుపు దగ్గర, సంచుల మీద కూర్చుని పోయారు. సంఘం లెక్కల్లో మాత్రం స్లీపర్ టిక్కెట్లున్నాయి. మీకు సిగ్గెందుకు లేదయ్యా? ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక పల్లెటూరి పిల్ల రజని భారత జట్టుకు గోల్ కాపాడింది. అట్లాంటి పిల్ల మన ఊళ్లో పుడితే మీరు చేసేది ఇదా? పెదవి పగిలిన పిల్ల నోటి కాడిది తిని, దానికి వోచరు రాసి, మళ్లీ ధ్యాన్‌చంద్‌కు దండేస్తారా?

సెంటర్ హాఫ్ సారూ, మీరు ఆ గౌరవ సలహాదారు పదవి వద్దనండి. మేనేజ్‌మెంట్‌లోకి రండి, కానీ సెలక్షన్ కాగితం మీద మీ సంతకం, చెక్కు మీద మీ రెండో సంతకం ఉంటేనే రండి. మీ శిష్యుల్నే ఎంపిక చేసుకుంటే మిమ్మల్నీ ఇట్లాగే తిడతాను, అది వేరే సంగతి. వచ్చినరోజు మొదట తెరిపించాల్సింది ఆ రైలు టిక్కెట్ల వోచర్ల ఫైలు. బీరువా తాళం కోశాధికారిగారి బావమరిది దగ్గర ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఎరువుల కొట్లో దొరుకుతాడు.